గుంజల పేర్లు

పడమటిమొండి ఎస్టేటంటే
పదకొండు ఊళ్లు, రెండు లంకలు, ఒక రేవు.
పటం మీద వేలిగోరు పెడితే చాలు,
మొత్తం గోరు కిందకి వచ్చేసేది.
ఆ గోరంత ఎస్టేటు కూడా యుద్ధానికి వెళ్లింది.

ఠాణా గోడలో రాయి ఉంది, ఇప్పటికీ.
రాజావారి పేరు జానెడు అక్షరాల్లో,
ఆయనిచ్చిన నావలు పదహారు,
ధాన్యం మూడొందల పుట్లు,
అడుగున, సున్నం కారినచోట,
మనుషులు తొంభై ఏడు.

"తొంభై ఆరేరా" అనేవాడు సరంగు.
"మా పాలెం వాడొకడు సత్తెయ్యగా ఒకసారి చేరాడు,
దానియేలుగా ఇంకోసారి,
రెండో దుప్పటి కోసం."

పెమ్మాడి నరసింగు, మా సరంగు,
పదహారేళ్లకి పద్దెనిమిదని చెప్పి
నేవీలోకి పోయినవాడు.
అరకాన్ తీరాన పాయలు, మడచెట్లు, బురద,
అచ్చం మన మొగ దగ్గరలాగే ఉండేవంట.
దొర పటం చూసేవాడంట, తను నీళ్ల రంగు చూసేవాడు.
"టీ రంగయితే పోనియ్యొచ్చు.
పాలెక్కువైన టీ అయితే కింద ఇసకమేట."
మూడోరాత్రికి దొర పటం మడిచేశాడు.
అయినా పద్దులో చివరిదాకా ఖలాసీయే.
నలభై ఆరులో బొంబాయిలో
ఓడల మీద జెండాలు దించినప్పుడు
తనూ పురుగులన్నం పళ్లెం తోసేశాడు.
రైలు టిక్కెట్టూ రేకుపెట్టే చేతికిచ్చి పంపేశారు.

రాజావారబ్బాయి రామభద్రరాజుగారి దారి వేరు.
ఎస్టేటు పోయిన ఏడాదే ఖద్దరు కట్టారు.
ఆ తర్వాత ఎన్ని జెండాలు మారాయో
మా ఊరి దర్జీనే అడగాలి.
నాలుగుసార్లు గెలిచారు, రెండుసార్లు ఓడారు,
ఒకమాటు, పదకొండు నెలలు, రేవుల మంత్రి.
పడవెక్కితే కడుపులో తిప్పుతుందని
మా రేవుకి కారులో చుట్టూ తిరిగి వచ్చేవారు.

నేను సరంగు పంటు మీద గడేసే కుర్రాణ్ణి.
వైనతేయ పాయలో దారి పొడుగునా
సరుగుడు గుంజలు పాతి ఉండేవి.
గుంజలకి పేర్లుండేవి.
"ఓలేటి దాటాక ఎడమకి తిప్పు.
మల్లాడి దగ్గర మేట.
ఖాదరు పక్కన సుడుంది, చూసుకో."
ఏ గుంజ విరిగినా కొత్తది పాతేవాడు,
పేరు మాత్రం పాతదే.
అవి ఊళ్ల పేర్లనుకున్నాను చాన్నాళ్లు.

ఎనభై ఆరు, ఆగస్టు.
గోదారి ఏటిగట్టెక్కి కూర్చుంది.
కొబ్బరిచెట్లు మెడదాకా మునిగి
తలలు ఆరబెట్టుకుంటున్నాయి.
లంకలో మేడ పైఅంతస్తున బాబుగారు,
ఇద్దరు నౌకర్లు, తడిసిన రేడియో.
మా పంటు మీద అప్పటికే నలభైమంది,
మేకలు, ఒక బాలింత, ఎవరిదో కుట్టుమిషను.

బాబుగారు అలవాటుకొద్దీ ముందుకెళ్లి నిలబడ్డారు.
"బాబుగారూ, బరువు మధ్యలో ఉండాలండి. కూర్చోండి."
గట్టిగా కూడా అనలేదు సరంగు.
ఆయన వెనక్కి తిరిగి చూశారు,
జనాన్ని, నీళ్లని, మళ్లీ సరంగుని.
మేకల మధ్య కూర్చున్నారు.

పొద్దుగూకింది. గుంజలన్నీ నీటడుగున.
చుక్కాని పట్టుకున్న మనిషి
కళ్లు తెరిచాడో మూశాడో తెలీదు,
పేర్లు పిలవడం మొదలెట్టాడు.
"ఓలేటీ!"
గడ దింపి అరిచాను: మూడు బారలు.
"మల్లాడీ!"
రెండున్నర.
"ఖాదరూ!"
అందలేదు. పంటు ఒక్క ఊపు ఊగి, నిలదొక్కుకుంది.
"సంగాని చిన్నోడా!"

"ఎవర్రా వీళ్లంతా?" అన్నారు బాబుగారు.

"తిరిగి రానోళ్లండి.
తవరి నాన్నగారి రాయి మీదున్నారు కదండీ,
అంకెలో."

ఆయన మరేం అనలేదు.
మేకపిల్లొకటి ఆయన కండువా కొస నములుతోంది,
లాక్కోలేదు.

బాలింత చేతుల్లో పిల్ల ఏడ్చి ఆగింది.
"సత్తెయ్యా!"
రెండు బారలు.
"దానియేలూ!"
గడ సగమైనా దిగకుండానే
గట్టు తగిలింది.